ఒక దేశపు ఎన్నికల మీద ఇంకో దేశపు నాయకులు మాట్లాడవచ్చా?

మాట్లాడకూడదనే నా జవాబు. అయితే సార్వభౌమాధికారం లాంటి పెద్ద మాటలేవీ నేను తీసుకురాను. ఆ నాయకుడు మాట్లాడేది అసలు ఆ దేశపు ఓటరుతో కానే కాదు. తన ఇంటి ఓటరుతో, లేదంటే అక్కడ స్థిరపడిన తనవాళ్లతో. మధ్యలో మనం చొక్కాలు చించుకుంటాం. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

2019 సెప్టెంబరు 22, ఆదివారం రాత్రి. దిల్‌సుఖ్‌నగర్‌లో అక్కావాళ్లింట్లో అందరం టీవీ ముందు చేరాం. హ్యూస్టన్ స్టేడియంలో మోదీ, ట్రంప్ ఒకే వేదిక మీద ఉన్నారు. యాభై వేల మంది జనంలో మా మేనల్లుడు కూడా ఉన్నాడు కాబట్టి, కెమెరా జనం వైపు తిరిగినప్పుడల్లా అక్క లేచి నిలబడుతోంది. ఇంతలో మోదీ నోట ‘అబ్‌కీ బార్ ట్రంప్ సర్కార్’ (ఈసారి ట్రంప్ ప్రభుత్వమే) అన్న మాట వచ్చింది. బావగారు చప్పట్లు కొట్టారు. మా చిన్నాన్న అప్పటిదాకా గోడకు చేరగిలబడి నిద్రపోతున్నారనుకున్నాం. కళ్లు తెరవకుండానే అడిగారు: “అల్లుడుగారూ, ఏప్రిల్‌లో ఇమ్రాన్ ఖాన్ మాట్లాడితే మీరు అన్నం మానేసినంత పని చేశారు. గుర్తుందా?”

గుర్తు లేకేం! ఇక్కడ లోక్‌సభ పోలింగ్ ఏప్రిల్ 11న. సరిగ్గా దానికి ముందు ఇమ్రాన్ ఖాన్, మోదీ పార్టీ గెలిస్తే శాంతి చర్చలకు అవకాశాలు మెరుగవుతాయని విదేశీ విలేకరులతో అన్నారు. ప్రతిపక్షాలకు అది పండగైంది. బావగారు మాత్రం “మన ఎన్నికల గురించి చెప్పడానికి అతనెవరు?” అని రెండు రోజులు ఊగిపోయారు. ఇప్పుడేమో “అది వేరు, ఇది వేరు మామయ్యగారూ” అన్నారు. ఎలా వేరో చిన్నాన్న అడిగేలోపు అక్క వడ్డించేసింది. తర్వాత విదేశాంగ మంత్రి జైశంకర్ వివరణ ఇచ్చారు. ట్రంప్ తన పాత ప్రచారంలో వాడిన మాటనే ప్రధాని గుర్తు చేశారట, అంతకుమించి ఏమీ లేదట. వివరణ చెప్పుకోవలసి వచ్చే మాట అసలెందుకు అనాలో నాకు అర్థం కాదు. 2020లో గెలిచింది బైడెన్.

ఇలాంటి మాటలు అన్నవారికే ఎదురు తిరుగుతాయని నా గట్టి నమ్మకం. 2016 ఏప్రిల్‌లో ఒబామా లండన్ వెళ్లి, ఐరోపా సమాఖ్య నుంచి బయటికి వస్తే అమెరికాతో వాణిజ్య ఒప్పందానికి బ్రిటన్ వరుసలో చివరన నిలబడాల్సి వస్తుందన్నారు. జూన్ 23న 51.9 శాతం మంది బయటికి రావడానికే ఓటేశారు. అందులో రెండు శాతమైనా ఆ మాట మీద కోపంతో పడ్డవేనని ఘంటాపథంగా చెబుతాను, లెక్కలు మాత్రం అడగకండి. 2025లో కెనడాను తమ 51వ రాష్ట్రం చేసుకుంటామని ట్రంప్ పదేపదే అన్నారు. కొన్ని నెలల ముందు సర్వేల్లో ఎంతో ముందున్న, భావాల్లో ట్రంప్‌కు దగ్గరని పేరుపడ్డ అక్కడి కన్జర్వేటివ్ పార్టీ ఏప్రిల్ 28న ఓడిపోయింది, ఆ పార్టీ నాయకుడి సొంత సీటు కూడా పోయింది. పిలవని పేరంటానికి వెళ్లి వాయనం అడిగితే ఎవరు మాత్రం ఊరుకుంటారు?

ఇక మా మేనల్లుడి సంగతి. హ్యూస్టన్‌లో అంత గొంతు చించుకుని అరిచాడా, వాడికి అక్కడ ఓటు లేదు, ఉన్నది హెచ్‌1బీ వీసా. ఇక్కడ ప్రవాస ఓటరుగా నమోదు చేసుకోవచ్చు కానీ, స్వయంగా పోలింగ్ కేంద్రానికి వచ్చి వేయాలి. దానికోసం ఎవరు విమానం ఎక్కుతారు? అయినా మలక్‌పేటలో ఎవరికి వేయాలో అమ్మకు ఫోన్‌లో చెబుతాడు. అమెరికాలో ఎవరు గెలవాలో మాకందరికీ చెబుతాడు.

అయినా వాడిని అని ఏం లాభం, బయటివాళ్లంటే మనకు ఉన్న మోజు అలాంటిది. 2017 నవంబరులో పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వస్తున్నారని ఈ నగరంలో రాత్రికి రాత్రి రోడ్లు వేశారు, గోడలకు రంగులు పూశారు, బిచ్చగాళ్లను వీధుల్లోంచి తరలించారు. మా కాలనీ వైపు ఆమె రాలేదు కాబట్టి మా గుంతలు అలాగే ఉన్నాయి. ఇక్కడ ఓటేసేవాళ్లం మేము, రోడ్డు పడింది అతిథికి.

అంతెందుకు, 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ, అంటే మా హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికలు. నగరం మొత్తం మీద పోలింగ్ 46.55 శాతం. పోలింగ్ కేంద్రం అక్కావాళ్ల సందు చివరనే ఉంది, వరుస కూడా లేదు. నేను వెళ్లేసరికి బావగారు ఫోన్ పట్టుకుని, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఓట్ల రీకౌంటింగ్ ఎంతవరకు వచ్చిందని మేనల్లుడిని అడుగుతున్నారు. ఓటు వేశారా అంటే, కరోనా భయం, సాయంత్రం చూద్దాంలే అన్నారు. సాయంత్రం అడిగితే, మన వార్డులో నిలబడింది ఎవరో కూడా తెలియదన్నారు.