పాత రైఫిలుకు కొత్త భాగాలా, పూర్తి ఎయిర్ రైఫిలా?

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. ఇంట్లో ప్రాక్టీసుకు ఒకటి కొనాలి. పాత రైఫిలు తక్కువకు తీసుకుని, ట్రిగ్గర్, స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం), పీప్ సైట్ (సన్న రంధ్రంలోంచి గురి చూసేది) విడివిడిగా తెప్పించి బిగించుకుంటే సగం ధరలో అయిపోతుందని తెలిసినాయన చెబుతున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: సగంలో అవదండి. చాలాసార్లు కొత్తదాని ధర దాకా వెళుతుంది, గురి మాత్రం కుదరదు. బ్యారెల్, గాలిని వదిలే యంత్రాంగం, ట్రిగ్గర్ – రైఫిలు విలువంతా ఈ మూడింట్లోనే ఉంటుంది. కంపెనీలో ఇవి ఒకదానికొకటి సరిచూసి బిగించి పంపుతారు. ఒక మోడల్ ట్రిగ్గర్ ఇంకో మోడల్‌లో నేరుగా కూర్చోదు. కూర్చోబెట్టడానికి ఆకురాయి పట్టారంటే ట్రిగ్గర్ నొక్కేదాకా పేలకుండా ఆపి ఉంచే కొక్కెం అంచు పోతుంది. తర్వాత రైఫిలు నేలకు కాస్త గట్టిగా తగిలినా పేలవచ్చు. పిల్ల చేతికిచ్చే వస్తువులో ఆ ప్రయోగం వద్దేవద్దు.

గురి ఎంత ఖచ్చితంగా ఉండాలో ఒకసారి లెక్క చూడండి. ఈ పోటీ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. పెల్లెట్ 4.5 మి.మీ. ఉంటుంది కాబట్టి అది చుక్క అంచును తాకినా పదికి పది ఇస్తారు. అంటే పెల్లెట్ నడిమధ్య భాగం, చుక్క కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడాలి. చేతి కదలిక, ఊపిరి, ట్రిగ్గర్ నొక్కడంలో తేడా అన్నీ ఆ కాస్త చోటులోనే ఇమడాలి. అందులో సగం రైఫిలే మింగేస్తే పాప ఎంత బాగా నిలబడినా స్కోరు పెరగదు. తప్పు తనదో, రైఫిలుదో తెలియక ఉన్న పద్ధతిని కూడా పాడుచేసుకుంటుంది. అందుకే మేం పూర్తి రైఫిలే కొనమంటున్నాం.

అయితే కొన్నిటిని విడిగా మార్చుకోవచ్చు. సైట్లు, బట్ ప్లేట్ (స్టాక్ చివర భుజానికి ఆనే పలక), చెంప ఆనించే చెక్క – ఇవి తప్పుగా బిగించినా విప్పి మళ్లీ బిగించుకోవచ్చు. సైట్ల దగ్గర రెండు చిక్కులున్నాయి. మొదటిది సైట్ బిగించే పట్టాల కొలత: ఎయిర్ రైఫిళ్ల మీద మామూలుగా 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది, వెడల్పాటి పికటిన్నీ పట్టాకు చేసిన సైట్ దానికి పట్టదు. రెండోది ఎత్తు. ముందు సైట్ పొట్టిగా, వెనక పీప్ సైట్ ఎత్తుగా ఉంటే పెల్లెట్లు పైకి పోతుంటాయి. వెనక సైట్‌ను చివరిదాకా కిందికి తిప్పినా టార్గెట్ మీదికి దిగవు. కాబట్టి ముందుదీ వెనకదీ ఒకే తయారీదారు సెట్‌గా తీసుకోండి.

అసలు పీప్ సైట్ కొనకముందే కోచ్‌ను అడగాల్సింది ఒకటుంది. మన దేశంలో బడి పోటీల్లో ఓపెన్ సైట్ (రంధ్రం కాకుండా గాడిలోంచి గురి చూసేది), పీప్ సైట్ వేర్వేరు విభాగాలు. పాపను ఓపెన్ సైట్‌లో దింపుతుంటే పీప్ సైట్ బిగించిన రైఫిలు అక్కడ పనికిరాదు.

సైజు కూడా చూడండి. మోచేయి 90 డిగ్రీలు వంచి, ఆ మలుపులో బట్ (స్టాక్ వెనక చివర) ఆనిస్తే చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గర్‌ను అందుకోవాలి. అందకపోతే స్టాక్ పొడుగు. బట్ ప్లేటు దగ్గరి స్పేసర్లు (పొడుగు పెంచే పలకలు) తీసి తగ్గించుకునే మోడల్ అయితే పిల్ల ఎదిగేకొద్దీ మళ్లీ వేసుకోవచ్చు. నిబంధనల ప్రకారం రైఫిలు 5.5 కిలోల దాకా ఉండొచ్చు. అంత బరువు మోయడానికి తొమ్మిదో తరగతి పిల్ల నడుము వంచేస్తుంది, తేలికైనదే ఎంచండి.

పాతదే కొనాలనుకుంటే, పూర్తిగా ఉన్న పాతదాన్ని పరీక్షించి కొనండి. ముందే గాలి నింపిపెట్టే సిలిండర్ ఉన్న పీసీపీ రకమైతే ముందు సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. పెద్ద తయారీదారులు సాధారణంగా పదేళ్ల గడువిస్తారు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీకి రానివ్వరు. కొత్త సిలిండర్ ఖర్చు బేరంలో కలపకపోతే ఆ ‘చవక’ అక్కడే ఆవిరి. తర్వాత 200 బార్ ఒత్తిడి దాకా నింపించి, చల్లారాక ఒత్తిడి చూపే ముల్లు ఎక్కడుందో రాసుకుని, రాత్రంతా వదిలి పొద్దున చూడండి. ఒకటి రెండు బార్లు వేడి తేడా వల్ల దిగవచ్చు. పది దిగితే సీల్ లీకవుతోందని అర్థం. చివరగా రైఫిలును ఇసుక సంచుల మీద ఆనించి, పది మీటర్ల నుంచి ఐదేసి షాట్లు ఐదు కాగితాల మీద కాల్పించండి. ఒక్క కాగితాన్ని చూసి మురిసిపోవద్దు, ఐదూ ఒకలాగే ఉండాలి.

బడ్జెట్‌లో అందరూ మరిచేది పెల్లెట్లు. రోజుకు వంద చొప్పున వారానికి ఐదు రోజులంటే 500 పెల్లెట్ల డబ్బా వారంలో ఖాళీ, ఏడాదికి యాభైకి పైగా డబ్బాలు. రైఫిలు మీద ఉన్నదంతా పెట్టేసి, నాలుగో నెలలో పెల్లెట్లకు డబ్బుల్లేక ప్రాక్టీసు ఆపేయడం కంటే, ఒక మెట్టు తక్కువ రైఫిలు కొని ఏడాది పెల్లెట్లు ముందే పక్కన పెట్టుకోవడం తెలివైన పని. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ ప్రాక్టీసు చేసే డ్రై ఫైర్ ఏర్పాటు మ్యాచ్ రైఫిళ్లలో ఉంటుంది. రోజూ అరగంట దానికి కేటాయిస్తే డబ్బాల సంఖ్య తగ్గుతుంది. స్ప్రింగు రైఫిలుతో మాత్రం ఖాళీగా పేల్చకండి. ముందు అడ్డుపడే గాలి ఒత్తిడి లేక పిస్టన్ నేరుగా కొట్టుకుని సీల్ పగులుతుంది.

4.5 మి.మీ. బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. బిల్లు, గుర్తింపు కార్డు నకలు మాత్రం రైఫిలు పెట్టెలోనే పెట్టండి.

ప్రశ్న: అడవిపందులు శనక్కాయ చేను తవ్వేస్తున్నాయి. పైపు, ట్రిగ్గర్ సామాను తెచ్చి తుపాకీ చేయించుకుంటే తక్కువలో అవుతుందంటున్నారు. చేయించవచ్చా?
– ఒక రైతు, పలమనేరు

జవాబు: చేయించకూడదు. లైసెన్సు లేకుండా తుపాకీ చేయడం, చేయించడం ఆయుధాల చట్టం, 1959 కింద పెద్ద నేరం. 2019 సవరణ తర్వాత కనీస శిక్షే ఏడేళ్లు, యావజ్జీవం దాకా వేయవచ్చు. భాగాలు భాగాలుగా తెచ్చి దగ్గర పెట్టుకున్నా తప్పించుకోలేరు, చట్టం ఆయుధ భాగాలనూ ఆయుధాలుగానే లెక్కిస్తుంది. పైగా గ్యాసు పైపు, నీళ్ల పైపు మందు ఒత్తిడికి తట్టుకునే ఉక్కు కాదు. పగిలేది కాల్చేవాడి మొహం దగ్గరే. పంట రక్షణకు మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు చట్టంలోనే ఉంది. కానీ ఆ లైసెన్సు వచ్చినా పందిని కాల్చే అనుమతి అటవీ శాఖ నుంచి వేరుగా రావాలి. ముందు పంట నష్టం ఫొటోలతో అటవీ శాఖకు పరిహారం దరఖాస్తు పెట్టండి. చేను చుట్టూ సోలార్ కంచె వేస్తే కింది తీగ నేలకు జానెడు ఎత్తు దాటకుండా చూడండి, పంది కిందినుంచే దూరుతుంది. ఇంటి కరెంటును నేరుగా కంచెకు కలపడం మాత్రం మనుషుల ప్రాణాలు తీసే పని.

ప్రశ్న: స్ప్రింగు రైఫిలు కొని టెలిస్కోపు బిగించాను. మొదట బాగానే పడ్డాయి. ఇప్పుడు నిలువుగా పైకీ కిందికీ చెదురుతున్నాయి. బ్యారెల్ మార్చాలా?
– ఒక విద్యార్థి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: బ్యారెల్ జోలికి ఇప్పుడే పోకండి. ముందు స్క్రూలు చూడండి. స్ప్రింగు రైఫిలు పేలినప్పుడు ముందు వెనక్కి, వెంటనే ముందుకి ఎదురుతన్నుతుంది. ఆ రెండు కుదుపులకూ మౌంట్ (టెలిస్కోపును పట్టాకు పట్టి ఉంచే బిగింపు) గాడిలో జరుగుతుంది. మౌంట్ వెనక పట్టా మీద పెన్సిల్‌తో గీత గీసి ఇరవై షాట్లు కాల్చండి. గీతకూ మౌంటుకూ మధ్య సందు వచ్చినా, గీత మౌంటు కిందికి పోయినా దొంగ దొరికినట్టే; జరగకుండా ఆపే స్టాప్ పిన్ ఉన్న మౌంట్ వేయండి. జరగకపోతే స్టాక్ స్క్రూలు బిగించి, తల మీదుగా చెక్క మీదికి గోళ్లరంగుతో గీత పెట్టండి. స్క్రూ తిరిగితే గీత విరిగి కనిపిస్తుంది. ఇవి రెండూ సరిగా ఉండి ఇంకా చెదురుతుంటే బ్యారెల్ మడిచే చోటి బోల్టు వదులై ఉండవచ్చు. బ్యారెల్‌ను పక్కకు ఊపితే ఆడుతుంది. ఆ తర్వాత బ్రీచ్ సీల్ (బ్యారెల్ మూసుకునే చోట గాలి పోకుండా ఆపే రబ్బరు వాషర్) చూడండి: మూసిన కీలు మీద సన్నటి టిష్యూ కాగితం పరిచి, పెల్లెట్ పెట్టి సురక్షితమైన చోట కాల్చండి. కాగితం ఎగిరితే గాలి అక్కడ పోతోంది. రబ్బరు వాషర్ చవకే.

టెలిస్కోపు లోపల గీతలు వణుకుతున్నా, ఒరిగినా అది పోయింది. ఎయిర్ రైఫిలు కోసమని రాసి ఉన్నదే కొనండి. మామూలు టెలిస్కోపులు ఆ ముందు కుదుపును తట్టుకోవు. పిస్టన్ గొట్టంలో నూనె పోయవద్దు, ఒత్తిడికి నూనె అంటుకుని పేలి సీలును కాల్చేస్తుంది.

ప్రశ్న: పీసీపీ సిలిండర్‌కు దగ్గర్లో గాలి నింపేవాళ్లు లేరు. వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ నింపించుకోవచ్చా?
– ఎం.ఆర్.పల్లి, తిరుపతి

జవాబు: ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. సీళ్ల మీద ఉండే కాస్త గ్రీజు చాలు, అధిక ఒత్తిడి ఆక్సిజన్‌లో మండి సిలిండరే పేలుతుంది. నింపాల్సింది పొడి గాలి మాత్రమే. చేతిపంపు వాడవచ్చు, ఐదారు నిమిషాలు కొట్టి ఆపి, పంపు చల్లారాక అడుగున ఉండే మర తిప్పి నీటి తేమ వదిలేసి మళ్లీ కొట్టండి. తేమ లోపలికి పోతే ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ తుప్పుపట్టి షాటు షాటుకూ వేగం మారుతుంది. 200 బార్ గీత దాటించకండి. నింపిన రైఫిలును ఎండలో కారులో వదిలితే లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, కాబట్టి రేణిగుంట, చెన్నై ప్రయాణాలకు 150 బార్ దగ్గరే ఆపి, మిగతాది అక్కడికెళ్లాక నింపుకోండి.