ఉల్లినారు సంగతి

అమ్మడూ,

మీ నాన్న ఫోన్ చేసి, "నీ శిష్యురాలు లండన్‌లో పరుగెత్తుకుంటూ వెళ్లి ఎవరి తోటలోనో కలుపు తీస్తోందట, పైసా జీతం లేదట" అని వాపోయాడు. నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ మాట మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని గ్రౌండు చుట్టూ తిప్పానే గానీ, ఆ పరుగుతో ఎవరికైనా ఉపయోగపడొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. మీ గుడ్‌జిమ్ వాళ్లు 2009లోనే తూర్పు లండన్‌లో ఈ పని మొదలుపెట్టారట కదా. పరుగెత్తి వెళ్లడం, కాసేపు పని చేయడం, మళ్లీ పరుగున రావడం. బాగుంది.

బూట్లు, నీళ్లు నీకు చెప్పక్కర్లేదు. పరుగాపి తోటలో నిలబడితే చెమట ఆరుతూ చలి పట్టేస్తుంది, సంచిలో పొడి స్వెట్టర్ పెట్టుకో. అక్టోబరు చివర్లో గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రాలు తొందరగా చీకటి పడతాయి, నుదుటికి కట్టుకునే లైటు కొనుక్కో. నడుం వంచి కాదు, మోకాలు నేలకానించి కలుపు తియ్యి.

ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావు? గుర్తు లేదంటావు, నాకు తెలుసు. అక్కడి డాక్టర్ని అడుగు. గ్లౌజులు లేకుండా మట్టిలో చెయ్యి పెట్టావంటే ఊరుకోను. మా చిన్నాన్న చిన్న ముల్లు గుచ్చుకుని ఎలా పోయాడో మీ నాన్నని అడుగు.

ఇంకొకటి ఉంది. ఇది మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు.

1981లో, కర్నూల్లో డిగ్రీ చదివేటప్పుడు, ఎన్నెస్సెస్ క్యాంపుకి ఒక పల్లెకి వెళ్లాం. "నేను కాదు, నువ్వు" అని దాని నినాదం అరుచుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లం. ఒకరోజు ఒక అవ్వ పెరట్లో కలుపు తీయమన్నారు. రెండు జట్లుగా చీలుదాం, ముందు పని ముగించి బడి దాకా పరుగెత్తినవాళ్లకి ముందు టిఫిను అని పందెం పెట్టింది నేనే. ఓ మూల మడిలో సన్నగా, పచ్చగా గడ్డి. గుప్పెళ్లతో పీకి గట్టున పారేసి పరుగందుకున్నాను. సగం దారిలో మొహం తుడుచుకుంటే చేతులు ఉల్లిపాయ వాసన.

మనది వరి పండే ఊరు కదా, ఉల్లినారు నేనెక్కడ చూశాను! వెనక్కి వెళ్లేసరికి అవ్వ గట్టు మీద కూర్చుని, వేళ్లు తెగని మొక్కల్ని ఏరి తడిగుడ్డలో పెడుతోంది. ఇంతలో మా లెక్చరర్ వచ్చి ఏమైందని అడిగాడు. మేక పడిందండీ అన్నాను. అవ్వ విన్నది. తలెత్తి నన్ను చూసి, మళ్లీ ఏరుకుంటూ కూర్చుంది. "అవును సారూ, మేకే" అని కూడా అనలేదు, కాదనీ అనలేదు. చీకటి పడేదాకా ఆవిడ పక్కన కూర్చుని నాటాను. ఎన్ని బతికాయో తెలీదు. మూడో రోజు క్యాంపు అయిపోయింది. ఆ తర్వాత ఆ ఊరు వెళ్లలేదు. వెళ్లాల్సింది.

నువ్వూ నాలాగే దూకుడు మనిషివి. నీ చిన్నప్పుడు తులసికోటలో మొలిచిన బంతినారంతా పీకి నాకు బొకే ఇచ్చావు, గుర్తుందా? మీ అమ్మ చెయ్యెత్తితే అడ్డొచ్చింది నేనే. మీ గుడ్‌జిమ్ వాళ్లు వారానికో గంట పరుగున వచ్చి పోతారు. ఆ తోటని రోజూ చూసుకునేవాళ్లు వేరే ఉంటారు. ముందు వాళ్ల దగ్గర నిలబడి, ఏది పీకాలో ఏది ఉంచాలో అడుగు. అక్కడ లీక్ అనే ఉల్లిజాతి మొక్క ఉంది, దాని నారూ గడ్డిలాగే ఉంటుంది. సీతాకోకచిలుకల కోసం దురదపుట్టే నెటిల్ అనే మొక్కని కావాలనే ఓ మూల వదిలేస్తారట. అడిగితే నామోషీ ఏం లేదు. పొరపాటున ఏదైనా పీకేశావా, అప్పుడే చెప్పెయ్.

నీ బురద బూట్ల ఫోటో చూశాను. మీ పెద్దమ్మ చిరాకుపడింది గానీ, ఫోన్ ఇవ్వకుండా చాలాసేపు చూసింది.

టీటీ సంగతి ఈ వారమే కనుక్కో. ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను.

మీ పెద్దనాన్న