వాన్ కొంటున్న మేనల్లుడికి

ఒరేయ్ రవీ,

నువ్వు సెమీ (పెద్ద ట్రైలర్ ట్రక్కు) వదిలేసి ఎక్స్‌పెడైట్ లోడ్లకి, అంటే అర్జెంటు సరుక్కి, కార్గో వాన్ కొంటున్నావని అక్క చెప్పింది. శీతాకాలంలో వయోమింగ్ మంచులో 80,000 పౌండ్ల బండిని నడిపినవాడివి, ఇప్పుడు సొంత బండి పెట్టుకుంటానంటే గర్వంగానే ఉంది. కానీ "ఇక లాగ్‌బుక్ గోల ఉండదు" అన్నావట, నడిపిన గంటలు, విశ్రాంతి గంటలు లెక్క రాయక్కర్లేదని. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

మిగతావి నీకు తెలిసినవే. ఇంటి కారు ఇన్సూరెన్సు కిరాయి సరుక్కి పనికిరాదు, కమర్షియల్ పాలసీ, కార్గో పాలసీ రెండూ తీసుకో. రాష్ట్రాలు దాటి ఇతరుల సరుకు కిరాయికి మోస్తే వాన్‌కైనా ఎంసీ అథారిటీ, అంటే ప్రభుత్వ అనుమతి, కావాలి. లేదంటే అది ఉన్న కంపెనీ కింద లీజుకి నడుపు. వాన్‌కి సీడీఎల్ (పెద్ద బండ్ల కమర్షియల్ లైసెన్సు) అవసరం లేదు కదా అని దానికి కావాల్సిన మెడికల్ కార్డు గడువు దాటనివ్వకు, లైసెన్సు స్థాయి తగ్గించేస్తారు. ఉద్యోగంతోపాటే హెల్త్ ఇన్సూరెన్సూ పోతుంది. స్వాతికి నెలలు నిండుతున్నాయి, ముందు ఆ సంగతి చూడు. లోడు దొరక్క ఊరు కాని ఊళ్లో రోజుల తరబడి కూర్చోవాల్సి వస్తుంది, అందుకు చేతిలో డబ్బుండాలి.

అసలు సంగతి నిద్ర. నాతోపాటు ట్రక్కు నడిపి, తర్వాత వాన్‌కి మారిన స్నేహితుడొకడు ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం లారెడోలో రెండు ప్యాలెట్ల కారు పార్టులు ఎత్తాడు. డెట్రాయిట్ వైపు ఫ్యాక్టరీకి, 1,600 మైళ్లు. అవి అందకపోతే అక్కడ కార్ల తయారీ లైన్ ఆగిపోతుంది, అందుకే మంచి రేటు. ట్రక్కులో అయితే 11 గంటలు నడిపాక ఆగాల్సిందే, 10 గంటల విశ్రాంతి తర్వాతే మళ్లీ స్టీరింగ్. సరుకుతో కలిపి 10,000 పౌండ్లు దాటని వాన్‌కి, హజ్మత్ ప్లకార్డు (ప్రమాదకర సరుకుందని చెప్పే బోర్డు) లేనప్పుడు, ఆ లెక్క వర్తించదు. ఆపేవాళ్లు లేరు. లోడు అప్పజెప్పిన డిస్పాచర్ మాత్రం గంటగంటకీ ఎక్కడున్నావని అడుగుతున్నాడు. పడుకుంటానని చెప్పడానికి వీడికి మొహమాటం.

అర్ధరాత్రి అర్కాన్సాస్ నుంచి నాకు ఫోన్ చేశాడు. మాట ముద్దగా వస్తోంది. "ఎక్కడైనా ఆపి పడుకోరా" అన్నాను. "ఇంకో రెండు గంటలు పోయాక" అన్నాడు. తెల్లవారేసరికి ఇల్లినాయిలో ఐ-57 హైవే మీద బండి రోడ్డు మధ్య పల్లంలోకి దిగిపోయింది. ప్యాలెట్లకి ఒక్కో స్ట్రాపే వేశాడు, సీటు వెనక ఇనుప పార్టిషన్ లేదు. సరుకంతా వచ్చి వీపు మీద పడింది. ప్రాణం దక్కింది. ఇప్పటికీ మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకోవాలి. ఆ లోడు అదే రోజు ఇంకో వాన్‌లో వెళ్లిపోయింది.

నువ్వు లెర్నర్ పర్మిట్ మీద నా దగ్గర నేర్చుకునేటప్పుడు రాత్రి ఎనిమిదింటికే కళ్లు మూతలు పడేవి నీకు. అప్పుడు తిట్టేవాణ్ని. తప్పు నీది కాదు నాన్నా, నీ ఒళ్లు అంతే. అందుకే చెబుతున్నా: ఇద్దరు డ్రైవర్లు కావాల్సిన లోడు ఒంటరిగా ఒప్పుకోకు. మధ్యలో నిద్రకి టైమ్ కలిపి డెలివరీ ఎన్నింటికో ముందుగానే రేట్ కన్ఫర్మేషన్‌లో, అంటే లోడు ఒప్పంద కాగితంలో, రాయించు. కుదరదంటే వదిలెయ్, ఎంత డబ్బిచ్చినా సరే. వాన్ కొన్న వారంలోనే పార్టిషన్ బిగించుకో, దాని ఖర్చు నేనిస్తా. వద్దనకు.

బండి చూశాక డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద జీవీడబ్ల్యూఆర్ (సరుకుతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు) ఎంతుందో ఫొటో తీసి పంపు. లీజు కాగితాల మీద అప్పుడే సంతకం పెట్టకు. ఆదివారం నేనొస్తా, స్వాతినీ కూర్చోబెట్టుకుని ముగ్గురం చదువుదాం. డెడ్‌హెడ్ మైళ్ల (ఖాళీ బండితో తిరిగే మైళ్ల) ఖర్చు ఎవరు భరిస్తారో అందులో లేకపోతే రాయించాలి.

మీ మావయ్య