మోకాలి అరుగుదల ప్రశ్నావళి నమ్మదగినదో కాదో ఎలా తేలుస్తారు?

పరిస్థితి మారని రోగులతో ఒకటి రెండు వారాల తేడాలో అదే ప్రశ్నావళిని రెండుసార్లు నింపించి, ఒక్కొక్కరి రెండు స్కోర్లూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి తేలుస్తారు.

కెనడాలో తయారైన ఇలాంటి ప్రశ్నావళి వోమాక్‌నే తీసుకోండి. నొప్పిపై 5, బిగుసుకుపోవడంపై 2, మెట్లెక్కడం, మేజోళ్లు తొడుక్కోవడం లాంటి పనులపై 17 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 96. మర్నాడే మళ్లీ అడిగితే పాత జవాబులే గుర్తుంచుకుని చెబుతారు. రెండు నెలలు ఆగితే మోకాలే మారిపోవచ్చు. మధ్యలో ఇంజెక్షన్ చేయించుకున్నా అంతే. అందుకే రెండోసారి "మీ మోకాలు అప్పటిలాగే ఉందా?" అని విడిగా అడిగి, మారిందన్నవాళ్లను ఈ లెక్కలోంచి తప్పించాలి. ఇది వదిలేస్తే ప్రశ్నావళి మంచిదైనా చెడ్డదిగా తేలుతుంది.

చాలామంది పొరబడేది కోరిలేషన్ (రెండు స్కోర్లూ కలిసి పెరిగి తగ్గుతున్నాయా అని చెప్పే అంకె) దగ్గర. ముగ్గురికి మొదట 40, 52, 61 వచ్చి, తర్వాత 50, 62, 71 వచ్చాయనుకోండి. కోరిలేషన్ సరిగ్గా 1. కానీ అందరి స్కోరూ 10 పెరిగింది కదా! ఆ తేడాను పట్టేది ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్) అనే మరో అంకె, 1కి ఎంత దగ్గరైతే అంత మంచిది; ఇక్కడ అది సుమారు 0.69. అయితే ఐసీసీలోనూ స్కోర్ల విలువలు కలిశాయా అని చూసే రకాన్నే ఎంచుకోవాలి. రోగుల మధ్య తేడాలు మొదటిలాగే ఉన్నాయా అని మాత్రమే చూసే రకం మళ్లీ 1 అనే చూపిస్తుంది.