తడిసిన ప్యాంటు

అమ్మాయ్,

నీ కథ మంగళవారం అందింది. ఆ సాయంత్రమే ఒకసారి చదివేశాను. రాత్రి భోజనం అయ్యాక పెన్సిల్ పట్టుకుని మళ్ళీ మొదలుపెట్టి నాలుగో పేజీలో ఆగిపోయాను. ఇక నిద్ర పట్టలేదు. బాగా రాస్తావు, అందులో అనుమానం లేదు. నిద్ర పట్టనిది మాత్రం ఈ మూడు వాక్యాల వల్ల:

"నాన్న ఆ రాత్రి కూడా ఆఫీసులో టేబుల్ లైటు కింద డ్రాఫ్ట్ చూసుకుంటూ కూర్చుని తెల్లారగట్ల ఇంటికొచ్చాడు. ప్యాంటు తడిసి ఉంది. అమ్మ ఏమీ అడక్కుండా నీళ్ళు కాచింది."

మీ నాన్నగారు విశాఖ పోర్టులో సర్వేయర్ దగ్గర అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యారని నీ ఉత్తరంలోనే రాశావు. నీ చిన్నప్పుడు "డ్రాఫ్ట్ చూడ్డానికెళ్తున్నా" అని చెప్పి బయల్దేరేవారని కూడా రాశావు. మరి కాగితాల ముందు కూర్చున్న మనిషి ప్యాంటు ఎందుకు తడిసింది తల్లీ? తడిసిన ప్యాంటు నువ్వు కళ్ళతో చూసింది. టేబుల్ లైటు నువ్వు ఊహించుకున్నది. డ్రాఫ్ట్ అనగానే నీకు కాగితం తోచింది, కాగితం పెట్టడానికి టేబులూ, చదవడానికి లైటూ నువ్వే తెచ్చిపెట్టావు.

ఓడకి డ్రాఫ్ట్ అంటే నీటిమట్టం నుంచి ఓడ అడుగు దాకా ఉన్న లోతు. ఓడ ఎంత మునిగి ఉందన్న కొలత. ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా కలిపి 6 చోట్ల ఓడ ఒంటిమీద అంకెలు వేసి ఉంటాయి. మీటర్ల లెక్కలో ఒక్కో అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు. నీళ్ళు అంకె అడుగును తాకితే ఆ అంకే కొలత. బొగ్గు దించకముందు ఒకసారి, దించాక ఒకసారి ఈ అంకెలు చూసి, ఆ తేడాని బట్టి ఎన్ని టన్నులు దిగిందో లెక్క కడతారు. ఓడని ఎక్కించి తూచే కాటా ఎక్కడా లేదు, నీళ్ళే కాటా. ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే పెద్ద ఓడలో పదుల టన్నులు తేడా వస్తుంది, ఆ తేడా మీద అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ తగువు పడతారు.

జెట్టీ వైపు అంకెలు గట్టు మీద నిలబడి చూడొచ్చు. అవతలి వైపువి చూడాలంటే లాంచీలో వెళ్ళాలి, లేదా ఓడ పక్కన వేలాడే తాళ్ళ నిచ్చెన మీద నీళ్ళ దాకా దిగాలి. నీళ్ళు ఒకచోట నిలవవు కదా. పైకి ఎంత దాకా వస్తున్నాయి, కిందికి ఎంత దాకా పోతున్నాయి అని కన్ను ఆర్పకుండా చూస్తూ మధ్య కొలత పట్టుకోవాలి. రాత్రి పూటైతే టార్చిలైటు. ఆ తర్వాత ఓడ పక్కన బకెట్టు వేసి నీళ్ళు తోడి, హైడ్రోమీటరుతో సాంద్రత చూడాలి, ఎందుకంటే మంచినీళ్ళలో ఓడ ఇంకాస్త ఎక్కువ మునుగుతుంది. వానాకాలం మేఘాద్రిగెడ్డ నీళ్ళొచ్చి లోపలి హార్బర్‌లో కలిసినప్పుడు ఆ సంగతి మరిచిపోతే లెక్కంతా తప్పే.

మీ నాన్నగారి ప్యాంటు తడిసింది అక్కడ. ఆ నిచ్చెన మీద. నీ కథలో అసలు కథ అది, దాన్ని నువ్వు మూడు మాటల్లో చెప్పి టేబుల్ లైటు వైపు వెళ్ళిపోయావు. నాకు కోపం వచ్చింది అందుకే. నీ మీద ప్రేమ లేక కాదు.

ఒక ఇంగ్లీషు మాట మన నోట్లో ఎంత నానినా సరే, అది ఏ గేటు లోపల ఎవరు పలికారో కనుక్కోకుండా కథలో పెట్టకూడదు. ఎన్నో ఏళ్ళుగా కనిపించిన ప్రతి కుర్రాడికీ, ప్రతి అమ్మాయికీ ఇదే చెప్తున్నాను. ఫోన్లో డిక్షనరీ చూస్తే చాలదు. డిక్షనరీ నీకు చిత్తుప్రతి అని చెప్తుంది, ముసాయిదా అని చెప్తుంది, కిందికి ఇంకాస్త జరిపితే గాలి తెర అని కూడా చెప్తుంది. నిచ్చెన సంగతి చెప్పదు.

నేను పోర్టులో ట్యాలీ క్లర్కుగా, అంటే సరుకు లెక్క రాసే గుమాస్తాగా, చేరిన కొత్తలో నా పరిస్థితీ అంతే. లాంచీ నడిపే పెద్దాయన ఒకరు ఓడ వైపు చూసి "ఇది పది మీటర్ల నీరు లాగుతాది బాబూ, ఆ బెర్తుకి రాదు" అన్నారు. లాగడం ఏమిటి, ఓడ నీళ్ళు తాగుతుందా అనుకున్నాను. చాలా కాలం తర్వాత తెలిసింది, ఇంగ్లీషులోనూ ఆ మాట పుట్టింది అక్కడే. డ్రా అంటే లాగడం, గీయడం. దాన్నుంచే డ్రాఫ్ట్. ఇంగ్లండు వాళ్ళు ఓడ డ్రాఫ్ట్‌కి ఇప్పటికీ పాత స్పెల్లింగే వాడతారు, బ్యాంకు డ్రాఫ్ట్‌కి వేరే స్పెల్లింగు. ఆ పెద్దాయనకి ఏ స్పెల్లింగూ తెలియదు, కానీ మాట వేరు ఆయన చేతిలో ఉంది.

ఆ తర్వాత నాకు పిచ్చి పట్టింది. డ్రాఫ్ట్ అన్న మాట ఎక్కడ వినపడితే అక్కడికి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఆటోనగర్‌లో లోహం కరిగించి పోతపోసే ఫౌండ్రీ ఒకటి ఉండేది, అందులో చెక్కతో ప్యాటర్న్‌లు, అంటే పోతకి నమూనాలు, చేసే వడ్రంగి మేస్త్రీ "డ్రాఫ్ట్ ఇవ్వకపోతే అచ్చు విరుగుతుంది" అన్నారు. ఇసుక అచ్చులోంచి చెక్క ప్యాటర్న్‌ని పైకి లాగేటప్పుడు గోడలు చెదరకుండా, దాని పక్కలు నిటారుగా కాక 1, 2 డిగ్రీలు వాలుగా చెక్కుతారు. ఆ వాలు పేరు డ్రాఫ్ట్. చూపుడువేలు ఆ చెక్క మీద జార్చి చూపించారు, కంటికి కనపడని వాలు వేలికి తెలిసింది. స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసే మా బావమరిదిని అడిగితే, రోలర్ల మధ్య నుంచి ఒక్కసారి పోయేసరికి ఉక్కు మందం ఎంత తగ్గిందో అది డ్రాఫ్ట్ అన్నాడు. షిప్‌యార్డులో డ్రాఫ్ట్స్‌మన్ అంటే ఓడ బొమ్మలు గీసేవాడు.

బాయిలర్ దగ్గర ఇంకోటి. అక్కడ డ్రాఫ్ట్ అంటే గాలి లాగుడు. ఎఫ్‌డీ ఫ్యాను గాలిని లోపలికి తోస్తుంది, ఐడీ ఫ్యాను పొగని చిమ్నీ వైపు లాగుతుంది. ఫర్నేస్ లోపల ఒత్తిడి బయటి గాలి కంటే కాస్త తక్కువగా ఉంచుతారు, నీటి స్తంభం ఎత్తు లెక్కన మైనస్ 5, మైనస్ 10 మిల్లీమీటర్లు, అంతే. అది ప్లస్‌లోకి వెళ్ళిందంటే లోపల చూడ్డానికి పెట్టిన చిన్న కిటికీలోంచి మంట బయటికి తన్నుతుంది. "డ్రాఫ్ట్ పడిపోయింది" అని ఒక ఆపరేటర్ అరిస్తే పక్కనున్నవాళ్ళు ఎందుకు వెనక్కి ఉరికారో నాకు అప్పుడు అర్థమైంది. పరవాడ వైపు వెళ్తే సింహాద్రి థర్మల్ కూలింగ్ టవర్లు కనిపిస్తాయి చూడు, నడుం సన్నగా పైకి లేచినవి. వాటిల్లో ఫ్యానే లేదు. వేడిగాలి తేలికై తనంతట తనే పైకి లేస్తూ కింద చల్లగాలిని లాక్కుంటుంది, అందుకే నేచురల్ డ్రాఫ్ట్ అంటారు. బస్సులో ఎన్నిసార్లు దాటి ఉంటావో.

ఇవన్నీ ఏరుకొచ్చి నేను కథలు రాశాను. ఒక వారపత్రికకి పంపిన మొదటి కథలో హ్యాచ్, వించ్, గ్యాంగు, డ్రాఫ్ట్, అన్నీ కళాసీలు అన్నట్టే రాశాను. ఎడిటర్‌గారు ఎర్ర ఇంకుతో హ్యాచ్‌ని ఓడ గర్భద్వారం చేశారు, వించ్‌ని భారోత్తోలక యంత్రం చేశారు. డ్రాఫ్ట్ ఉన్న పేరా మొత్తం కొట్టేసి మార్జిన్‌లో "పాఠకుడికి అనవసరం" అని రాశారు. ఆ రూపంలోనే అచ్చయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర గ్యాంగు వాళ్ళకి చదివి వినిపిస్తే, అందులో ఒకాయన చాలా మర్యాదగా "ఇది ఏ ఊరి పోర్టు బాబూ?" అని అడిగాడు. ఆయనకి ఏం చెప్పాలో తెలియక పత్రిక మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ ఎర్ర ఇంకుని నేను క్షమించలేదు, ఇప్పటికీ.

ఇప్పుడు అంత ఎర్ర ఇంకు లేదు, దానికి బదులు ఇంకో జబ్బు వచ్చింది. కథలో నాలుగు పని మాటలు చల్లితే జీవితం వచ్చేసిందని మెచ్చుకుంటున్నారు, సభల్లో దండలు వేస్తున్నారు. ఆ మాట ఏ పనిదో రాసినవాళ్ళకి తెలియదు, మెచ్చుకున్నవాళ్ళకి అసలు తెలియదు. నీ నాలుగో పేజీ చూసి నాకు అదే భయం వేసింది. ఈ కథ ఇలాగే పంపితే వేసుకుంటారు, మెచ్చుకుంటారు కూడా, ఒక్కరూ ఆ ప్యాంటు ఎందుకు తడిసిందని అడగరు.

నా మొదటి పుస్తకం సంగతి చెప్తాను. 1988లో విజయవాడలో ఒక ప్రెస్సు వాళ్ళు సగం డబ్బుకి డీడీ, అంటే బ్యాంకు డిమాండ్ డ్రాఫ్ట్, తీసి పంపమన్నారు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి డ్రాఫ్ట్ తీశాను. ఈలోగా కాగితం ధర పెరిగింది, ఇంకా పంపాలి, ఆగండి అన్నారు. పంపలేక, వద్దని చెప్పలేక, ఆ డ్రాఫ్ట్‌ని పుస్తకం డ్రాఫ్ట్ మధ్యలో పెట్టి ట్రంకుపెట్టెలో దాచాను. అప్పట్లో డీడీకి 6 నెలలు గడువు, ఇప్పుడైతే 3 నెలలే, 2012 ఏప్రిల్ నుంచి. గడువు దాటిపోయింది. బ్యాంకు చుట్టూ తిరిగి, మళ్ళీ చెల్లేలా రీవాలిడేట్ చేయించాను. ఆ తిరుగుడులో ఒక రోజు కౌంటర్ దగ్గర కూర్చుని పెట్టెలోంచి వెంట తెచ్చుకున్న కథలన్నీ మళ్ళీ చదివాను. ఆ రోజే ఎర్ర ఇంకు కొట్టేసిన పేరా తిరిగి రాశాను, అక్కడే, డీడీ ఫారం వెనకాల.

నువ్వు "ఇది ఫస్ట్ డ్రాఫ్ట్ మాత్రమే సార్, తప్పులుంటే క్షమించండి" అని రాశావు. క్షమించమనడం దేనికి? 2022 జనవరిలో కొత్త జిల్లాలకి ప్రభుత్వం డ్రాఫ్ట్ నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే 30 రోజుల్లో చెప్పమని జనాన్ని అడిగింది. ఏప్రిల్ 4 నుంచి మన జిల్లా మూడయింది. ఆ డ్రాఫ్ట్‌కి అర్థం అభ్యంతరం చెప్పమని పిలవడం. నీ డ్రాఫ్ట్‌ని నేను అలాగే తీసుకున్నాను, నా అభ్యంతరం ఇదిగో ఇంత పొడుగు ఉత్తరం అయింది. ఏ పత్రికకి పంపాలి, పోటీలకి పంపొచ్చా, రోజుకి ఎన్ని పేజీలు రాయాలి అని కూడా అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయడానికి నాకు మనసు లేదు.

మీ నాన్నగారు గాజువాకలో మీతోనే ఉంటున్నారన్నావు కదా. ఈ ఆదివారం ఆయన పక్కన కూర్చో. నోట్‌బుక్ తియ్యకు, మామూలుగా అడుగు. నిచ్చెన ఎన్ని మెట్లు దిగేవారు, టార్చి ఏ చేత్తో పట్టుకునేవారు, అంకెలు ఎవరికి అరిచి చెప్పేవారు, రాసుకునేది ఎవరు, ఎప్పుడైనా కాలు జారిందా. అమ్మ నీళ్ళు ఎందుకు కాచేదో అమ్మనే అడుగు, ఆవిడకి తెలిసే ఉంటుంది. ప్యాంటు మోకాలి దాకా తడిసేదా, నడుం దాకానా అన్నది తప్పకుండా అడుగు.

నీ కథ కొరియర్‌లో వెనక్కి పంపుతున్నాను. నాలుగో పేజీ తప్ప మిగతా అన్ని పేజీల్లోనూ పెన్సిల్ గుర్తులు ఉన్నాయి.