రాయి కింద దొరికిన సాలమాండర్‌ని ఇంటికి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మేం షార్లెట్‌లో ఉంటాం. మొన్న చిమ్నీ రాక్ వైపు వెళ్లినప్పుడు మా తొమ్మిదేళ్ల బాబు రాయి ఎత్తితే కింద తడి ఆకుల్లో బల్లి లాంటిది కనిపించింది. పట్టుకోబోతే పక్కనున్న ఒకాయన ఆపి, ఇక్కడ చాలా అరుదైన సాలమాండర్ ఉంది, ముట్టుకోవద్దన్నారు. అప్పట్నుంచీ అలాంటిదే ఒకటి పెంచుకుంటానని వీడి గొడవ. ఏం చెప్పమంటారు?
– ఓ పాఠకురాలు, నార్త్ కరోలినా

జవాబు: ఆయన ఆపడం మంచిదైంది. చూడ్డానికి బల్లిలా ఉన్నా సాలమాండర్ కప్పకు చుట్టం. మన తెలుగు నేల మీద ఇవి లేవు, మన దేశంలో చూడాలంటే డార్జిలింగ్ వైపో ఈశాన్య రాష్ట్రాలకో వెళ్లాలి. మీరున్న నార్త్ కరోలినాలో మాత్రం 60కి పైగా రకాలున్నాయి కాబట్టి బాబు చూసింది మామూలు రకమే కావచ్చు. ఆయన చెప్పిన అరుదైనది హికరీ నట్ గార్జ్ గ్రీన్ సాలమాండర్, అది సాధారణంగా నేల మీద రాళ్ల కింద కాదు, కొండబండల్లో వేలు కూడా దూరని సన్నటి పగుళ్లలో ఉంటుంది. మనం మసాలాలో వేసే రాతిపువ్వు ఉంది చూడండి, అలాంటివే ఆ బండల మీద పెరుగుతాయి, దీని ఒంటి మీది ఆకుపచ్చ మచ్చలు అచ్చం వాటిలా ఉండటంతో పక్కనే ఉన్నా కనిపించదు. రాత్రిళ్లు బయటికొచ్చి చెట్లు కూడా ఎక్కుతుంది. తల్లి ఆ పగుల్లోనే గుడ్లు పెట్టి, పిల్లలు బయటికొచ్చేదాకా కాపలా ఉంటుంది.

ఇది వేరే జాతి అని తేలింది 2019లోనే. ప్రపంచం మొత్తమ్మీద ఉన్నది చిమ్నీ రాక్ ఉన్న, సుమారు 14 మైళ్ల పొడవున్న హికరీ నట్ గార్జ్ అనే ఆ ఒక్క లోయలో, అదీ 500 లోపేనని అంచనా. రోడ్లు, విడిది ఇళ్ల కోసం చెట్లు కొట్టేస్తే బండ మీద ఎండ పడి పగులు ఎండిపోతుంది, తడి లేకపోతే ఇది బతకలేదు, ఎందుకంటే దీనికి ఊపిరితిత్తులే లేవు, చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. పైగా 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫాను ఆ లోయని ఎలా ఊడ్చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి చోట ఒక్క తల్లిని ఎవరైనా డబ్బాలో వేసుకుపోయినా ఆ ఏటి గుడ్లు పోయినట్టే.

బాబుకి ఈ చర్మం సంగతే చెప్పండి, పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. మన చేతికున్న సన్‌స్క్రీన్, దోమల మందు దాని ఒంట్లోకి నేరుగా వెళ్లిపోతాయి.

కొనిపెడదామని మాత్రం అనుకోకండి. సాలమాండర్లను చంపే బీసాల్ అనే ఫంగస్ ఆసియా నుంచి పెంపుడు జంతువుల వ్యాపారంతోనే యూరప్‌కి చేరిందని పరిశోధకులు చెబుతున్నారు. అది రాకూడదనే 2016లో అమెరికా 201 రకాల సాలమాండర్ల దిగుమతి ఆపేసింది. మీరు కూడా ఒక అడవి నుంచి ఇంకో అడవికి వెళ్లేముందు బూట్లకున్న మట్టి కడిగి బాగా ఆరబెట్టండి. ఈసారి వాన పడ్డాక వెళ్లి, బాబుకి చిన్న టార్చ్ ఇచ్చి, దారి పక్క బండల్లోకి దూరం నుంచే చూడమనండి. ఏదైనా కనిపిస్తే ఫొటో తీసుకోండి గానీ, ఎక్కడ దొరికిందో మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఎత్తిన రాయి ఉంటే ఎలా ఉందో అలాగే, నెమ్మదిగా మళ్లీ పెట్టించండి.