లాగులు చెరిపే ముందు చదువు

మేనకోడలికి హనుమకొండ నుంచి మామయ్య ఆశీస్సులు.

మడికొండ ఆఫీసులో సర్వర్ల బాధ్యత నీకు అప్పగించారని అక్క చెప్పింది, సంతోషం. డిస్కు నిండింది, లాగులు (సర్వర్‌లో జరిగినదంతా వరసగా రాసుకునే ఫైళ్లు) చెరిపేయనా అని అడిగావు. తొందరపడకు. అవి ఎందుకు అంతలా పెరిగాయో ముందు చూడు. ఒకే లైను వేలసార్లు పడుతుంటే జబ్బు ఇంకెక్కడో ఉంది. ఫైలు చెరిపినా తెల్లారేసరికి మళ్లీ నిండుతుంది.

సర్వర్లో నడిచే లైనక్స్ ఉబుంటు అయితే వార్ లాగ్ (/var/log) ఫోల్డర్లో సిస్‌లాగ్, రెడ్‌హ్యాట్‌లో అయితే మెసేజెస్ తెరువు. జర్నల్‌సీటీఎల్ వాడితే ఇంకా సులువు, సిస్టమ్ తానే రాసుకునే ‘జర్నల్’ అనే లాగును చూపే కమాండ్ అది. అందులో ఒక్కో లైను తీవ్రతకు 0 నుంచి 7 దాకా అంకెలుంటాయి. అంకె చిన్నదైతే ప్రమాదం పెద్దది. 3 దాకా మాత్రమే చూపమని అడిగితే సొద చాలావరకు తగ్గుతుంది. అయితే గడియారం ఏ కాలమానంలో ఉందో ముందే చూసుకో. యూటీసీలో, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ కాలమానంలో, నడిచే సర్వర్లో మన అర్ధరాత్రి పని 18:30కు జరిగినట్టు కనిపిస్తుంది. ఇది గమనించక సాయంత్రం డ్యూటీ వాళ్లను నిలదీసిన మేనేజర్లున్నారు!

అందరూ చివరి ఎర్రర్ పట్టుకుని వేలాడతారు. నువ్వు మొదటిది వెతుకు. మేడారం జాతర రద్దీలో గదుల బుకింగ్ సైటు ఒకటి మాటిమాటికీ పడిపోయేది. అప్లికేషన్ లాగులో ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని బారులు తీరి ఉంది. తిట్లన్నీ డేటాబేసుకే. కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) లాగులో అంతకు కొన్ని సెకన్ల ముందు ‘ఔట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్’, పక్కనే మైఎస్‌క్యూఎల్‌డీ పేరు, అంటే ఆ డేటాబేసు ప్రోగ్రామే. మెమరీ చాలక కెర్నెలే దాన్ని చంపేసింది. ఇలాంటి ఆధారం దొరకాలంటే పాత జర్నల్ ఉండాలి. సర్వర్ రీస్టార్టయినా అది మిగలాలంటే దాన్ని డిస్కులో దాచే ఏర్పాటు ఉండాలి. నీ దగ్గర ఉందో లేదో ఈరోజే చూడు.

ఇక చోటు సంగతి. రాస్తున్న ఫైలును ఆర్‌ఎమ్‌ (ఫైలు చెరిపే కమాండ్) తో తీసేస్తే పేరు పోతుంది, చోటు ఖాళీ కాదు. ఆ ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకునే ఉంటుంది. అందుకే ఫైళ్ల సైజు కూడి చెప్పే డీయూ ఒక లెక్క, డిస్కులో మిగిలిన చోటు చెప్పే డీఎఫ్ ఇంకో లెక్క చెబుతాయి. అత్యవసరమైతే కాపీ తీసుకుని ట్రంకేట్ కమాండ్‌తో, ఫైలు తీసేయకుండానే, లోపలిది ఖాళీ చెయ్యి. రోజువారీ పనికి, పాత లాగులను విడదీసి గడువు దాటినవి తీసేసే లాగ్‌రొటేట్ ఉంది. జర్నల్ ఎంత చోటు తినొచ్చో చెప్పే సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ సెట్టింగుతో దానికి హద్దు పెట్టు. అలాగని లాగులను మరీ తొందరగా పోనివ్వకు. 2022 ఏప్రిల్‌లో కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు భద్రపరచాలి. పాతవాటిని జిప్ చేసినట్టు కుదించి వేరే యంత్రానికి పంపు. సర్వర్‌లోకి దొంగ చొరబడితే మొదట తుడిచేది అక్కడున్న లాగులనే.

ఆ ఎర్రర్ లైన్లు నాకు పంపు, చూస్తాను. పంపే ముందు వాటిలో కస్టమర్ల ఫోను నంబర్లు, పాస్‌వర్డులు ఉంటే తీసెయ్యి.

మీ మామయ్య